పెద్దమ్మ వీలునామా, పిన్ని సంతకం

ట్రస్టు అనే మాట మా పెద్దమ్మ ఇంట్లోకి ఫోన్‌లోంచి వచ్చింది. గుండెకి స్టెంటు వేయించుకుని ఆస్పత్రి నుంచి వచ్చాక, పొద్దున్న ప్రార్థన అయిన వెంటనే వీడియోలు చూడటం ఆవిడకి అలవాటైంది. కోటు వేసుకున్న ఒకాయన, బతికుండగానే ఆస్తిని ట్రస్టులో పెట్టేస్తే వారసులు ప్రొబేట్ కోసం కోర్టు మెట్లు ఎక్కక్కర్లేదని చెప్పాడట. పోయినవాళ్ళ వీలునామా అసలైనదేనని కోర్టు తేల్చి ముద్ర వేసి ఇవ్వడాన్ని ప్రొబేట్ అంటారని కూడా ఆయనే చెప్పాడు. అదంతా ఏ దేశం సంగతో మాత్రం పెద్దమ్మ పట్టించుకోలేదు.

ఆ ఆదివారం నేను మంగళగిరి నుంచి పటమట వెళ్ళేసరికి భోజనాల బల్ల మీద నోట్‌బుక్ తెరిచి ఉంది. పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క. పెళ్ళి చేసుకోలేదు. హైస్కూల్లో ముప్పై రెండేళ్ళు లెక్కలు చెప్పింది. రిటైరై పద్దెనిమిదేళ్ళయినా, ఏ సమస్య వచ్చినా ముందు 'దత్తాంశం' అని రాసి కింద గీత కొట్టందే ఆవిడకి ఊపిరాడదు. ఆ రోజు ఆ గీత కింద రెండే ముక్కలు ఉన్నాయి: ఒక ఇల్లు, ఒక గుండె, రిపేరు చేసినది. ఆ కింద 'సాధించాల్సింది' అని ఉంది. దాని పక్కన, నేను పోయాక అది ఈ ఇంట్లోనే ఉండాలి, అని రాసుకుంది.

'అది' అంటే పిన్ని. పిన్ని అని పిలుస్తాను గానీ నాకు ఆవిడతో ఏ చుట్టరికమూ లేదు. అదే స్కూల్లో తెలుగు టీచరు. ఉయ్యూరు దగ్గర చెరుకు వేసే రైతుల ఇంటి పిల్ల. చిన్న వయసులోనే భర్త పోయాడు. ఉద్యోగం వచ్చాక, రెండు నెలలకని పెద్దమ్మ ఇంట్లో ముందు గది అద్దెకి తీసుకుంది. ఆ రెండు నెలలూ నలభై ఏళ్ళయ్యాయి. అద్దె ఇవ్వడం ఎప్పుడు ఆగిపోయిందో ఇద్దరికీ గుర్తులేదు. మా అమ్మ పోయాక ఇంటర్ నుంచి డిగ్రీ దాకా నన్ను ఆ ఇంట్లో పెట్టుకుని చదివించింది వీళ్ళిద్దరే. ఒకావిడ లెక్కలకి కొట్టేది, ఇంకొకావిడ కొట్టిన చోట నూనె రాసేది.

ఇప్పుడు పెద్దమ్మకి డెబ్భై ఆరు, పిన్నికి డెబ్భై రెండు. పెద్దమ్మ చర్చికి వెళ్ళొచ్చేసరికి పిన్ని పప్పు తాలింపు పెట్టి ఉంచుతుంది. కార్తీకమాసంలో పిన్ని గుమ్మం ముందు దీపాలు పెడితే, గచ్చంతా నూనె జిడ్డని పెద్దమ్మ నెల పొడుగునా సణుగుతుంది. ఆ వత్తులు రైతుబజారు పక్క కొట్లో కొనుక్కొచ్చేది కూడా ఆవిడే. క్రిస్మస్‌కి మంగళగిరి చీరలు రెండు తెమ్మని నాకు చెబుతుంది, రెండూ ఒకే రంగు, ఒకే అంచు. వేరు వేరుగా తెస్తే ఏది బాగుందో తేలక జనవరి దాకా వాదించుకుంటారు.

ఇద్దరికీ ఇంకో అలవాటు ఉంది. ఏ కాగితం మీద ఒకరు సంతకం పెట్టినా, సాక్షిగా రెండోవాళ్ళు పెట్టాలి. ఇది టెన్త్ పేపర్లు దిద్దే క్యాంపులో మొదలైంది. అక్కడ వేసిన మార్కు కొట్టేస్తే పక్కన సంతకం చెయ్యాలి, అది సరిచూసినవాళ్ళు ఇంకో సంతకం చెయ్యాలి. వీళ్ళు ఒకరి కొట్టివేతలకి ఒకరు సంతకాలు చేసుకుంటూ ఎండాకాలాలు గడిపారు. తర్వాత బ్యాంకు ఖాతా, గ్యాసు కనెక్షను, ఇన్సూరెన్సు, నా కాలేజీ అప్లికేషను, నా పెళ్ళి రిజిస్టరు, అన్నిట్లోనూ పెద్దమ్మ పొడి అక్షరాల కింద పిన్ని గుండ్రటి సంతకం ఉంటుంది. దాని కోసమే పిన్ని చేతిసంచిలో ఒక ఇంకు పెన్ను పెట్టుకుంటుంది. బాల్ పెన్నుతో చేసింది సంతకమే కాదంటుంది.

ఆ ఆదివారం పిన్ని పెరట్లో సపోటాలు కోస్తుంటే పెద్దమ్మ గొంతు తగ్గించి నాతో చెప్పింది.

"ట్రస్టు పెట్టేద్దామే. ఇల్లు అందులో పడేస్తే ఇంక ఎవరూ దాన్ని కదపలేరు."

"ఒక్క ఇంటికి ట్రస్టేంటి పెద్దమ్మా? నువ్వేమన్నా కాలేజీలు నడుపుతున్నావా?" అన్నాను.

నాకు కాగితాలంటే చిరాకు. ఆ చిరాకు నోట్లోంచి వచ్చేశాక నాలుక్కరుచుకోవడం నాకు కొత్తేమీ కాదు. పెద్దమ్మ కోప్పడలేదు. నోట్‌బుక్ మూసింది.

"డ్రాయింగు మాస్టారు పోయినప్పుడు ఆయన భార్య ఎన్నాళ్ళు కోర్టు చుట్టూ తిరిగిందో నీకు తెలీదు. ఆవిడంటే తాళి కట్టించుకున్న మనిషి. మరి ఇదో? నేను పోయిన మర్నాడు ఎవరో వచ్చి, 'మీరెవరండీ, ఈ ఇంట్లో ఎందుకున్నారు?' అని దీన్ని అడిగితే ఏం చూపిస్తుంది? గ్యాసు పుస్తకమా?"

పిన్నికి పుట్టింట్లో చోటు లేక కాదు. అన్నల కొడుకులు మర్యాదస్తులు, ఏటా మినుములు పంపిస్తారు, రమ్మంటారు. కానీ డెబ్భై రెండేళ్ళ మనిషి తన మంచం, తన పుస్తకాల అలమరా, తను పోసిన నీళ్ళతో పెరిగిన సపోటా చెట్టు వదిలేసి ఎవరింటి వసారాలోనో కూచోవడం నేనూ ఊహించుకోలేకపోయాను.

"వీలునామా రాయొచ్చుగా?" అన్నాను.

"రాశానే, మూడేళ్ళ కిందటే రాశాను," అంటూ లేచి వెళ్ళి చీరల కింద నుంచి ప్లాస్టిక్ కవరు తీసుకొచ్చింది. తెల్ల కాగితం, ఆవిడ దస్తూరీ, ఒక్క కొట్టివేత లేదు. ఈ ఇంట్లో పిన్ని బతికున్నంత కాలం ఉండాలి, ఆ తర్వాత ఇల్లు నాకు రావాలి. కింద సాక్షి సంతకాలు రెండు, మొదటిది పిన్నిది. "దానికి విషయం తెలీదు. పైనంతా అట్టతో మూసి, కింద ఒక్క గీత కనిపించేట్టు పెట్టి సంతకం చేయించాను. పరీక్ష పేపరు లీకు కాకుండా ముప్పై ఏళ్ళు కాపాడినదాన్ని, ఇదో లెక్కా?" అంది గర్వంగా.

"పిన్నికి చెప్పొచ్చు కదా?"

"చెబితే వద్దంటుంది. దాని అభిమానం నీకు తెలీదు. ఇల్లు అమ్మాయికిచ్చెయ్యండి అంటుంది, పెట్టె సర్దుకుంటుంది."

ట్రస్టు మంచిదా, వీలునామా చాలా, అడిగి తేల్చుకుందామని ఆ వారంలో గవర్నర్‌పేటలో ఒక లాయరు దగ్గరికి వెళ్ళాం. పటమట ప్రాంతంలో చదువుకున్నవాళ్ళలో సగం మంది పెద్దమ్మ చేతి దెబ్బలు తిన్నవాళ్ళే. ఈ లాయరూ అంతే. నా వయసావిడ, గోడల నిండా పుస్తకాలు, బయట క్లయింట్లు. పెద్దమ్మ గదిలోకి రాగానే కుర్చీలోంచి లేచి నిలబడి, మళ్ళీ కూచోమనేదాకా కూచోలేదు.

"ట్రస్టు మీకెందుకు టీచర్?" అంది నెమ్మదిగా. "అది పెట్టాలంటే ఇంటిని దాని పేరు మీద రిజిస్ట్రేషన్ చెయ్యాలి, స్టాంపు డ్యూటీ కట్టాలి. ట్రస్టుకి వేరే పాన్ కార్డు, ఏటేటా రిటర్నులు. ధర్మకర్తలు కావాలి. ఇప్పుడు మీరుంటారు, తర్వాత ఎలాగూ మీ అమ్మాయే ఉండాలి."

"నా ఇంటికి నేను ధర్మకర్తనా?" అంది పెద్దమ్మ.

"అదే చెబుతున్నా. తమ పనులు తాము చూసుకోలేని పిల్లలున్నవాళ్ళకీ, నాలుగు ఊళ్ళలో ఆస్తులుండి కొట్టుకునేవాళ్ళకీ అది బాగా పనికొస్తుంది. మీకున్నది ఒక ఇల్లు. పైగా మీరు భయపడుతున్న ప్రొబేట్, మన బెజవాడలో ఇంటికి, మీ వీలునామాకి తప్పనిసరే కాదు. రిజిస్టర్ చేయించుకుంటే ఇంకా గట్టిగా ఉంటుంది. ఎవరైనా గొడవ పెట్టుకోవాలనుకుంటే మాత్రం వీలునామా మీదా కేసు వేస్తారు, ట్రస్టు మీదా వేస్తారు."

పెద్దమ్మ ముఖం వెలిగింది. పోనీ ఇప్పుడే పిన్ని పేర దస్తావేజు రాసిచ్చేస్తేనో అని నేను అడిగాను. అలా ఒకసారి రాసిచ్చాక మనసు మారినా వెనక్కి తీసుకోవడం కష్టమని లాయరు చెప్పింది. మనసు మారేది ఎటూ లేదు గానీ, ఆ దస్తావేజు పిన్ని చేతికివ్వాలి కాబట్టి అది కుదరదని పెద్దమ్మ కొట్టిపారేసింది. వీలునామాయే ఖాయమైంది. "మరి ఇది చూసి, బాగుందని చెప్పు," అంటూ ప్లాస్టిక్ కవరు ముందుకు తోసింది, టిక్కు పెట్టించుకోవడానికి వచ్చినట్టు.

లాయరు చదివింది. కింద దాకా వెళ్ళి, మళ్ళీ పైకొచ్చి, మళ్ళీ కిందకి వెళ్ళింది.

"టీచర్, ఇంట్లో ఉండే హక్కు మీరిచ్చింది ఈ తెలుగు టీచర్ గారికేనా?"

"అవును."

"మొదటి సాక్షి సంతకం కూడా ఆవిడదే."

"మరి ఇంకెవరిది ఉంటుంది?" అంది పెద్దమ్మ, అడిగిన ప్రశ్నే అర్థం కానట్టు.

లాయరు పెన్ను కింద పెట్టింది. సాక్షిగా సంతకం పెట్టిన మనిషికే ఆ వీలునామాలో ఏదైనా ఇస్తే, ఆ ఇచ్చింది చెల్లదని చెప్పింది. మిగతా వీలునామా చెల్లుతుంది, పిన్నికిచ్చింది ఒక్కటే పోతుంది. రాసినవాళ్ళు హిందువులైతే ఈ నియమం వర్తించదు. క్రైస్తవులకి వర్తిస్తుంది.

"అంటే, ఇదే వీలునామా అది రాసి నేను సాక్షి సంతకం పెడితే పాసు. నేను రాసి అది పెడితే ఫెయిలు," అంది పెద్దమ్మ. "నలభై ఏళ్ళు ఒకే కంచాలు కడుక్కున్నవాళ్ళమే. ఇద్దరికీ రెండు ప్రశ్నపత్రాలా?"

లాయరు తలొంచుకుంది, ఆ చట్టం తనే రాసినట్టు.

ఇక్కడ నా గురించి ఒక సంగతి చెప్పుకోవాలి. పిన్నికిచ్చింది పోతే ఇల్లు నేరుగా నాకొస్తుందని నాకు ఆ క్షణంలోనే తెలిసింది. మంగళగిరిలో రెండు గదుల అద్దె ఇంట్లో మా ఆయన, మా అమ్మాయి, నేను ఒకరి కాళ్ళు ఒకరం తొక్కుకుంటూ బతుకుతున్నాం. ముందు గది మా అమ్మాయి చదువుకి బాగుంటుంది అనే ఆలోచన నా తలలోకి వచ్చింది. ఎంతసేపో ఉండలేదు, కానీ వచ్చింది. నాకు నూనె రాసిన మనిషి మంచం ఉన్న గది అది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆ సిగ్గు కప్పిపుచ్చుకోవడానికి కాబోలు, లాయరు మీద ఎగిరాను.

"చట్టం ఎలా ఉంటే మాకెందుకండీ? పిన్నిని నేను వెళ్ళగొడతానా?"

"మీరు వెళ్ళగొట్టరండీ. మీకేమన్నా అయితే? మీ తర్వాతివాళ్ళకి ఆవిడెవరు?" అంది లాయరు. "మీ మంచితనం రిజిస్టర్ చేయించడానికి కుదరదు కదా."

ఇందాక నా తలలోకి వచ్చిన ఆలోచనే రేపు ఇంకొకరి తలలోకి వచ్చి, అక్కడే ఉండిపోవచ్చు.

కొత్త వీలునామా అక్కడే రాయించాం. పిన్ని మీకేమవుతారని లాయరు అడిగింది, సంబంధం రాయాలట. స్నేహితురాలు అని నేనన్నాను. పెద్దమ్మ ఒప్పుకోలేదు. చాలాసేపు ఆలోచించి, "నాతో ఉంటుంది అని రాయి," అంది. లాయరు అలాగే రాసింది.

రిజిస్ట్రేషన్ రోజున పిన్నిని ఇంట్లో వదిలేసి వెళ్దామని నేను చెప్పి చూశాను. ఆస్పత్రి నుంచి వచ్చిన అక్కని ఇంక ఎక్కడికీ తను లేకుండా పంపనని పిన్ని అప్పటికే తయారై కూచుంది. కిందటి క్రిస్మస్ చీర, ఆకుపచ్చ అంచుది. పెద్దమ్మా అదే కట్టింది. ఏదో ఇంటి కాగితం పని అని మాత్రమే పిన్నికి తెలుసు. చేతిసంచిలో పెన్ను ఉందో లేదో గుమ్మం దగ్గర ఒకసారి చూసుకుంది.

ఆఫీసులో మా వంతు వచ్చింది. సాక్షులుగా ఎదురింటి మందుల షాపాయన, చర్చి నుంచి ఒక పెద్దాయన వచ్చారు. పెద్దమ్మ సంతకం పెట్టింది, వేలిముద్ర వేసింది. "సాక్షులు రండి," అన్నారు లోపలి నుంచి. పిన్ని లేచింది. పెన్ను మూత తీస్తూ, మోకాళ్ళ నొప్పి వల్ల కుర్చీలు పట్టుకుంటూ ముందుకు నడిచింది.

"నువ్వు కూచో," అంది పెద్దమ్మ.

"సంతకం, అక్కా..."

"నువ్వక్కర్లేదు. కూచో."

పెద్దమ్మకి ఏ మాటా మెత్తగా చెప్పడం రాదు. పిన్ని పెన్నుకి మూత పెట్టింది. వెనక్కి వచ్చి కూచుంది. ఎదురింటాయన తన సంతకం చేస్తుంటే ఆ చేతినే చూస్తూ ఉంది. నేను పక్కన కూచుని, నీళ్ళు తాగుతావా పిన్నీ అని మూడుసార్లు అడిగాను.

ఆటోలో ఇంటికొచ్చాం. దిగగానే పిన్ని తన గదిలోకి వెళ్ళింది. పెట్టె లాగిన చప్పుడు వినిపించింది. పెద్దమ్మ కుర్చీలో కూచుని, వీలునామా జిరాక్స్ కాపీ ఒళ్ళో పెట్టుకుని, నా వైపు చూడకుండా, "కోపమొచ్చిందంటావా?" అంది. కోపం కాదు, దెబ్బ తగిలిందన్నాను. "చీర మార్చుకున్నాక చెబుతాలే," అంది.

పిన్ని చీర మార్చుకోకుండానే వచ్చింది. చేతిలో నాలుగు మడతల కాగితం ఉంది. మడతల దగ్గర పసుపు రంగు తిరిగింది.

"అక్కా, దీని మీద సాక్షి సంతకం పెడతారా? ఇన్నాళ్ళూ అడగడానికి మొహమాటపడ్డాను. ఇవాళ మీరు అక్కర్లేదన్నారు గదా, నాకూ మొహమాటం తీరింది," అంది. గొంతులో నిష్ఠూరం లేదు. అది ఉంటే బాగుండేది.

పెద్దమ్మ కళ్ళజోడు పెట్టుకుని కాగితం విప్పింది. ఉయ్యూరు దగ్గర ఒంటరి ఆడవాళ్ళ కోసం నడిపే ఒక ఆశ్రమం దరఖాస్తు. అన్ని గళ్ళూ పిన్ని గుండ్రటి అక్షరాలతో నిండి ఉన్నాయి. పిన్ని సంతకం కూడా ఉంది. దాని కింద సాక్షి అన్న చోట ఖాళీ. తేదీ చూస్తే పిన్ని రిటైరైన నెల. పద్నాలుగేళ్ళు.

"ఎందుకిది?" అంది పెద్దమ్మ.

"మీ తర్వాత నేను ఇక్కడెలా ఉంటాను అక్కా? అమ్మాయికి ఇబ్బంది కాకూడదు. ఫారం నింపి పెట్టుకున్నాను. మీ సంతకం లేకుండా పంపబుద్ధి కాలేదు."

పద్నాలుగేళ్ళుగా ఆవిడ మాకు పప్పు తాలింపు వేసి, సపోటాలకి నీళ్ళు పోసి, ఏటా కొత్త చీర కట్టుకుని, ఆ పెట్టె మీద దుప్పటి పరిచి ఉంచింది. నాకు ఏడుపు ఆగలేదు. ముందు గది గురించి నా తలలోకి వచ్చిన ఆలోచన పిన్నికి పద్నాలుగేళ్ళ ముందే తెలుసన్నట్టు అనిపించింది.

పెద్దమ్మ ఒళ్ళోని జిరాక్స్ కాపీ తీసి పిన్ని చేతికిచ్చింది. "చదువు. పైకి చదువు."

పిన్ని నిలబడే చదివింది, క్లాసులో పాఠం చదివినట్టు, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ. 'నాతో ఉంటుంది' అన్న చోట ఆగాల్సిన పని లేదు గానీ ఆగింది. ఆ తర్వాత వాక్యం, ఆవిడ బతికున్నంత కాలం ఎవరి అనుమతీ అక్కర్లేకుండా ఈ ఇంట్లో ఉండాలన్నది, పైకి చదవలేదు. పెదాలు మాత్రం కదిలాయి.

"దీంట్లో నువ్వు సంతకం పెడితే నీకిచ్చింది చెల్లదట. మొదటి దాంట్లో పెట్టించి చెడగొట్టింది నేనే," అంది పెద్దమ్మ. "నువ్వక్కర్లేదంది అందుకు. బుర్ర ఉన్నదానివి, ఆ మాత్రం ఊహించుకోవద్దూ?"

"పరీక్ష పేపరులా అట్టతో మూస్తే ఏం ఊహించమంటారు?" అంది పిన్ని. అంటూనే కుర్చీలో కూలబడి చీర కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

పెద్దమ్మ ఆవిడని ఓదార్చలేదు, అది ఆవిడకి రాదు. బల్ల సొరుగులోంచి ఎర్ర పెన్ను తీసింది. ఆశ్రమం ఫారాన్ని నోట్‌బుక్ మీద సాపుగా పరిచి, ఆ మూల నుంచి ఈ మూలకి అడ్డంగా కొట్టేసింది. కొట్టివేత పక్కన సంతకం చేసింది. చేసి, కాగితాన్ని పిన్ని వైపు తిప్పి పెట్టింది.

పిన్ని కళ్ళు తుడుచుకుని చేతిసంచిలోంచి ఇంకు పెన్ను తీసి, ఆ సంతకం కింద తన సంతకం పెట్టింది.